ఊరికే అల్లిన టోపీ

పెద్దవాళ్ల తలకి సరిపోయే మామూలు ఊలు టోపీ ఒకటి అల్లాలంటే సూది మీద 88 కుట్లు వేసుకుని మొదలుపెట్టాలి. మరీ సన్నమూ మరీ లావూ కాని ఊలు, 5 మిల్లీమీటర్ల సూది అయితే. పది సెంటీమీటర్ల వెడల్పులో 18 కుట్లు పడతాయి కాబట్టి 88 కుట్లంటే 49 సెంటీమీటర్ల చుట్టుకొలత. తల 54, 55 ఉంటుంది. టోపీ తలకన్నా కాస్త చిన్నదిగా ఉండి సాగి పట్టుకోవాలి, అందుకే ఆ తేడా. అంచు నుంచి పైకి 15 సెంటీమీటర్లు, అంటే 36 వరసలు అల్లి, అక్కణ్ణుంచి తగ్గించుకుంటూ పోయి నడినెత్తి దగ్గర 8 కుట్లకి దించి, దారం లాగి బిగిస్తే అయిపోయింది. మొత్తం కూడితే 4,040 కుట్లు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు నిమిషానికి పది కుట్లు వేస్తారనుకోండి, ఆరుంముప్పావు గంటలు. లెక్కపెట్టుకోడం, మధ్యలో విప్పి మళ్లీ అల్లడం, చివర్న దారపు కొసల్ని లోపలికి దోపడం కూడా కలిపితే ఎనిమిది గంటలు. ఒక పనిదినం.

ఇక డబ్బు లెక్క. నేను కొన్న వంద గ్రాముల ఊలుండ 160 రూపాయలు. సూదులు ఒక్కసారి కొంటే ఏళ్లొస్తాయి, వాటిని వదిలేద్దాం. పనిదినానికి కూలి ఎంత వెయ్యాలి? నాకు తెలిసినవాటిలో తక్కువ రేటు తీసుకున్నాను. 2024–25లో ఉపాధి హామీ పథకం కింద ఆంధ్రలోనూ తెలంగాణలోనూ రోజుకూలి 300 రూపాయలు. కలిపితే 460. చలికాలం రాగానే మన ఊళ్లలో రోడ్డు పక్కన టిబెటన్ల స్వెట్టర్ల కొట్లు వెలుస్తాయి కదా, అందులో సరుకు చాలావరకు లుధియానా మిల్లులది. అక్కడ ఇలాంటి టోపీయే 150. బేరమాడితే 120. కొన్నా అల్లినా హైదరాబాదులో దాన్ని పెట్టుకునేది ఎన్ని రోజులని? డిసెంబరులో మొదలుపెడితే సంక్రాంతి దాకా, అదీ పొద్దున్న ఎనిమిది లోపల. లంబసింగిలోనో ఆదిలాబాదులోనో ఉండేవాళ్ల సంగతి వేరు.

"మరెందుకు అల్లడం?" అని అందరూ అడుగుతారు. దీనికి ఇన్‌స్టాలో రెడీమేడ్ జవాబులు చాలా దొరుకుతాయి. మనసు కుదుటపడుతుంది, ఫోన్ పక్కన పెట్టొచ్చు, చేత్తో చేసినదాని తృప్తే వేరు, వగైరా. అవేవీ అబద్ధాలు కావు. వాటి మీద ఇప్పటికే చాలామంది రాసేశారు, ఇంకో వ్యాసం అక్కర్లేదు. నన్ను పట్టుకుని వదలనిది ఇంకో ప్రశ్న. చూడ్డానికి చాలా చిన్నది, దాదాపు కిరాణా కొట్టు ప్రశ్న. ఊరికే అల్లేవాళ్లు తాము అల్లిన టోపీని ఎంతకి అమ్మొచ్చు?

ముందు పనేంటో చెప్పనివ్వండి. పని తెలీకుండా దాని ఖరీదు మాట్లాడ్డం మనకి బాగా అలవాటు.

అల్లికలో ఉన్నది ఒకటే దారం, ఒకటే కదలిక. ఎడమ సూది మీదున్న లూపులోకి కుడి సూదిని దూర్చి, దారం చుట్టి, ఆ దారాన్ని లూపులోంచి ఇవతలికి లాగి, పాత లూపుని ఎడమ సూది మీంచి జార్చేయాలి. అంతే. దీన్ని నిట్ అంటారు. ఇదే పని దారాన్ని ముందుంచుకుని అటునుంచి చేస్తే పర్ల్. నేర్పేవాళ్లు వీటిని రెండు వేరే వేరే కుట్లుగా చెప్తారు గానీ గుడ్డని తిరగేసి చూడండి, నిట్‌కి వీపు పర్ల్, పర్ల్‌కి వీపు నిట్. ప్రతి లూపునీ పై వరసలోని లూపు పట్టుకుని ఉంటుంది. మధ్యలో ముడి అనేది ఎక్కడా లేదు. నడినెత్తి దగ్గర బిగించిన కొస విప్పి లాగితే టోపీ మొత్తం మళ్లీ ఊలుండ అయి కూచుంటుంది. రెండు రోజులు పట్టింది రెండు నిమిషాల్లో.

టోపీని గుండ్రంగా అల్లుతారు. రెండు పొట్టి సూదుల్ని ప్లాస్టిక్ తీగతో కలిపిన సూది ఒకటి దొరుకుతుంది. కుట్లన్నీ దాని మీద వేసి మొదటిదాన్నీ చివరిదాన్నీ కలుపుతారు. కలిపే ముందు కుట్లన్నీ ఒకే వైపు చూస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఎక్కడో ఒక్క మెలిక ఉన్నా పట్టీ మొత్తం మెలిక పడుతుంది. ఎన్ని వరసలు అల్లినా అది సర్దుకోదు, విప్పడమొక్కటే దారి. మొదటి ఐదు సెంటీమీటర్లు రెండు నిట్, రెండు పర్ల్. సాక్సు పైఅంచులా ఇది సాగుతుంది, నుదుటిని పట్టి ఉంచేది ఇదే. ఆ పైన అంతా నిట్టే, చుట్టూ చుట్టూ. కొత్తల్లో అందరూ దారాన్ని ప్రాణం పోయినట్టు బిగించి పట్టుకుంటారు. వేళ్లు నొప్పెడతాయి, కుట్టులోకి సూది దూరదు. పదో వరసకో పదిహేనో వరసకో చెయ్యి దానంతటదే వదులవుతుంది. ఎవరి టోపీ అయినా సరే, మొదటి టోపీ అంచు చూస్తే ఆ బిగువు కనిపిస్తుంది, పైకి వెళ్లేకొద్దీ మనిషి కుదుటపడ్డం తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టం నడినెత్తి. తొమ్మిది అల్లి, తర్వాతి రెండిటినీ కలిపి ఒకటి చేస్తాం. చుట్టూ ఎనిమిదిసార్లు. 88 కాస్తా 80 అవుతుంది. ఒక వరస మామూలుగా. మళ్లీ ఎనిమిది అల్లి రెండు కలపడం, 72. చుట్టు చిన్నదైపోయి ఇందాకటి సూది పట్టదు, నాలుగైదు పొట్టి సూదులకి మార్చుకోవాలి, అవి ముళ్లపందిలా నాలుగు వైపులా పొడుచుకొస్తుంటాయి. కలిపిన చోటల్లా ఒక గీత పడి, ఎనిమిది గీతలూ మధ్యకి వంగుతూ వస్తాయి. ఇంక ఎనిమిదే మిగిలినప్పుడు దారం తెంపి, లావుపాటి కంటి సూదికెక్కించి, ఎనిమిదిట్లోంచీ లాగుతాం. డబ్బుల సంచి మూతి బిగిసినట్టు బిగుస్తుంది. అంతవరకూ గొట్టంలా ఉన్నది టోపీ అయిపోతుంది. మొదటి కుట్టు వేసిన మనిషే చివరి కుట్టు కూడా వేస్తుంది, మధ్యలో చెయ్యి మారలేదు. ఈ సంగతి ఇప్పుడు పెద్ద విశేషంలా అనిపించదు. మళ్లీ దీని దగ్గరికొస్తాను.

టోపీలు అల్లి బతికేవాళ్ల గురించి ప్రభుత్వాలు కూడా తల పట్టుకున్న రోజులున్నాయి. ఇంగ్లండులో 1571లో ఒక చట్టం చేశారు. ఆరేళ్లు దాటినవాళ్లు, గొప్పింటివాళ్లకీ మరికొందరికీ మినహాయింపు, ఆదివారాలూ పండగరోజులూ ఇంగ్లండులోనే తయారైన ఊలు అల్లిక టోపీ పెట్టుకు తీరాలి. పెట్టుకోకపోతే జరిమానా. టోపీ అల్లికవాళ్ల కడుపు నింపడానికి దేశంలో ఉన్న తలల మీద వేసిన పన్ను లాంటిదన్నమాట. ఫ్యాషన్ చట్టం మాట వినలేదు, 1597లో రద్దు చేసేశారు. ఈ రెండిటికీ మధ్య, 1589లో, విలియం లీ అనే ఆయన మేజోళ్లు అల్లే యంత్రం తయారుచేశాడు. చేతి అల్లికతో పొట్టపోసుకునే పేదవాళ్ల నోటిదగ్గర కూడు తీయలేనని ఎలిజబెత్ రాణి ఆయనకి పేటెంటు ఇవ్వలేదని ఒక కథ. రాణి ఆ మాటలే అందో లేదో గానీ, కథ మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. యంత్రం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అనాల్సిన మాట కదా, రాణితో అనిపించారు.

చివరికి యంత్రమే గెలిచింది. రోడ్డు పక్క టోపీ 150కి దొరకడానికి కారణం ముఖ్యంగా అదే. ఆ చవకతనంతో నాకు పెద్ద పేచీ లేదు. మిల్లుల్లో జీతాల సంగతి వేరే వ్యాసం. నా పేచీ ఇంకో రకం చవకతనంతో.

కిందటేడు అక్టోబరులో నా ఫ్రెండ్ ఒకామె అడిగింది. ఆమె ఇన్‌స్టాలో చిన్న షాపు నడుపుతుంది, సబ్బులూ కొవ్వొత్తులూ గుడ్డసంచులూ. డిసెంబరుకి చేత్తో అల్లిన టోపీలు ఇరవై కావాలంది. ఒక్కోదానికి 350 ఇస్తానంది, ఊలు నాదే. నేను నసుగుతుంటే, "ఎలాగూ మీటింగుల్లో అల్లుతూనే ఉంటావుగా" అంది.

ఆమె చెడ్డ మనిషి కాదు, అన్నదాంట్లో తప్పుడు లెక్క కూడా లేదు. 350లో ఊలు తీసేస్తే 190. ఎనిమిది గంటలకి 190 అంటే ఉపాధి హామీ కూలి కన్నా తక్కువ. కానీ చెయ్యి తిరిగితే నిమిషానికి పాతిక కుట్లు పడతాయి, టోపీ మూడు గంటల్లోపే అయిపోతుంది. గంటకి 63 రూపాయలన్నమాట. పర్లేదు కదా? కాగితం మీద పర్లేదు. అయితే రోజుకి ఎనిమిది గంటలు వారమంతా అల్లి చూడండి, మణికట్టూ మెడా ఏమంటాయో. ఆర్డరుకీ ఆర్డరుకీ మధ్య ఖాళీకి ఎవరూ డబ్బులివ్వరు. హైదరాబాదులో డిసెంబరు దాటాక టోపీ ఎవరికి కావాలి? మా వీధిలో బ్లౌజులు కుట్టే ఆవిడ ఉంది. లైనింగ్ బ్లౌజుకి 600 తీసుకుంటుంది, గుడ్డ మనదే. ఆవిడకీ ఇంచుమించు మూడు గంటల పనే. "ఎలాగూ మిషను ముందే కూచుంటావుగా, సగానికి కుట్టు" అని ఆవిడతో అనే ధైర్యం ఎవరికీ లేదు. మరి టోపీ దగ్గరికొచ్చేసరికి ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చింది?

తెలుగులో 'ఊరికే' అని ఒక మాట ఉంది. తెలంగాణలో 'ఊకె'. దీనంత గడుసు మాట ఇంకోటి లేదనిపిస్తుంది. ఊరికే కూచున్నాను అంటే పనేమీ చెయ్యడం లేదని. ఊరికే వచ్చాను అంటే కారణం లేదని. ఊరికే ఇచ్చారు అంటే డబ్బు తీసుకోలేదని. పని కాదు, కారణం లేదు, ఖరీదు లేదు. మూడిటికీ ఒకటే మాట కావడంతో, ఒక అర్థంలో వాడింది తెలీకుండానే ఇంకో అర్థంలోకి జారిపోతుంది. ఆడవాళ్లు ఊరికే కూచోకుండా ఏదో అల్లుకుంటారు, కాబట్టి అది పని కాదు, కాబట్టి దానికి రేటు కూడా అలాగే ఉంటుంది. పత్రికల్లో, బడుల్లో 'కుట్లూ అల్లికలూ' అనే జంటమాటకి పక్కనే ఎప్పుడూ 'తీరిక సమయం' ఉంటుంది, గమనించారా? వడ్రంగం పక్కన ఎప్పుడైనా 'తీరిక సమయం' చూశామా?

మా పెద్దమ్మ కిందటేడు మా ఇంటికొచ్చినప్పుడు నేను సోఫాలో కూచుని అల్లుతున్నాను. "ఎవరికైనానా, ఊరికేనా?" అంది. ఊరికే అన్నాను. "మేమూ ఊరికే అల్లేవోళ్లమే" అని నవ్వింది. పెద్దమ్మది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యేదాకా లేసు అల్లింది. నాది రెండు సూదుల అల్లిక, ఆవిడది కొక్కెం సూదితో క్రోషే, సన్నటి నూలు దారం. ఏజెంటు సైకిల్ మీద దారం తెచ్చి ఇంటింటికీ పంచిపెట్టి, వారం తర్వాత వచ్చి పువ్వులు లెక్కెట్టుకుని పట్టుకెళ్లేవాడట. పువ్వులు అల్లేది చేతిపని. వాటిని ఒకదాంతో ఒకటి కలిపేది అతుకుపని, అది ఇంకో ఊళ్లో ఇంకెవరో చేసేవాళ్లు. తను అల్లిన పువ్వు చివరికి ఏమవుతుందో పెద్దమ్మకి తెలీదు. బల్లగుడ్డా, దిండు గలీబా, కర్టెనా? పెళ్లయ్యాక విశాఖపట్నంలో ఎవరింట్లోనో బల్ల మీద పరిచిన గుడ్డ చూసిందట. "మా పువ్వే. ఇన్ని కలిపితే ఇలాగుంటాదా అనుకున్నాను" అంది.

టోపీ దగ్గర నేను చెప్పింది ఇందుకే. 88 కుట్ల దగ్గర మొదలుపెట్టి 8 దగ్గర ముగించేదాకా ఒకే మనిషి చేతిలో ఉండటం అనేది అల్లికకి పుట్టుకతో వచ్చిన హక్కేమీ కాదు. అది ఊరికే అల్లేవాళ్లకి దక్కే భోగం. నేను పొందే 'తృప్తి' అని మనం ముచ్చటగా చెప్పుకునేదాంట్లో సగం ఇదే, మొత్తం వస్తువు నా కళ్లముందు తయారవడం. పెద్దమ్మ వేళ్లు నా వేళ్లకన్నా పది రెట్లు చురుకు. ఆవిడకి దక్కింది పువ్వు మాత్రమే.

నరసాపురం లేసు పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఆ ప్రాంతానికొచ్చిన పని. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. 1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ఊళ్లలో తిరిగి, లేసు అల్లేవాళ్ల మీద ఒక పుస్తకం రాశారు. 1982లో వచ్చింది. అందులో నన్ను ఆపేసిన విషయం, రోజంతా అల్లినా రూపాయి కూడా దాటని ఆదాయం కాదు, అది ఎలాగూ ఊహించేదే. ఆ సరుకు ఓడలెక్కి విదేశాలకి వెళ్తోంది, ఎగుమతిదారులు మేడలు కడుతున్నారు, అల్లే ఆవిడ మాత్రం అందరి లెక్కలోనూ గృహిణి. ఖాళీ వేళల్లో ఏదో అల్లుకునే గృహిణి. చివరికి తన లెక్కలో కూడా. పొలం పనికి వెళ్లే దళిత స్త్రీలు లేసు ఆడవాళ్లకన్నా ఎక్కువే సంపాదించేవారు. అయినా ఇంటి గడప దాటకుండా కూచుని చేసే పని కాబట్టి లేసుకి పరువెక్కువ. గోషాలో ఉన్నామన్న గౌరవాన్ని కూలిలోంచి కోసుకున్నారన్నమాట. పెద్దమ్మతో ఈ సంగతి అంటే కాసేపు ఏమీ అనలేదు. "మా నాన్న పొలం పంపేవోడు కాదు" అంది.

ఇదేదో మన పల్లెల ప్రత్యేకత అనుకోకండి. ఆడం స్మిత్ 1776లో అచ్చేసిన తన మహాగ్రంథంలో మేజోళ్ల గురించి ఒక చిన్న పేరా రాశాడు. స్కాట్లండులో చాలాచోట్ల చేత్తో అల్లిన మేజోళ్లు మగ్గం మీద చేసినవాటికన్నా కూడా చవగ్గా దొరుకుతాయట. ఎందుకంటే అవి అల్లేవాళ్లు నౌకర్లూ కూలీలూ, వాళ్ల తిండి ప్రధానంగా ఇంకో పని మీంచి వస్తుంది, కాబట్టి అల్లికకి ఎంతిస్తే అంత తీసుకుంటారు. యంత్రం కన్నా మనిషి చవక! ఇంతటి మాటని ఆయన ఏ ఆవేశమూ లేకుండా, బజారులో ఉల్లిపాయల ధర చెప్పినట్టు చెప్పి ముందుకి వెళ్లిపోతాడు. నాకు మాత్రం ఆ పేరాలో సైకిల్ మీద దారం తెచ్చే ఏజెంటు కనిపించాడు, "ఎలాగూ" అన్న నా ఫ్రెండ్ కూడా కనిపించింది.

అన్నం ఇంకెక్కణ్ణుంచో వచ్చేచోట చేతిపని చవకవుతుంది. ఆ ఇంకెక్కడో ఏంటన్నది ఒక్కోచోట ఒక్కోటి. స్కాట్లండు నౌకర్లకి యజమాని ఇల్లు. లేసు ఆడవాళ్లకి మొగుడి సంపాదన, వస్తున్నా రాకపోయినా వస్తుందని అనుకోవడం. నాకు ఐటీ జీతం, ప్రతి నెలా ఒకటో తారీకున నిజంగానే వస్తుంది. ఇప్పుడు నేను టోపీని 350కి అమ్మితే ఏం జరుగుతుంది? నా జీతంలోంచి కొంత తీసి ఆ టోపీ కొన్నవాళ్లకి ఇస్తున్నాను. అంతవరకూ నా డబ్బు నా ఇష్టం. కానీ ఆ 350 అక్కడితో ఆగదు. అది రేటు అవుతుంది. రేపు ఇంకెవరైనా, ఈ పనే నమ్ముకున్న మనిషి, 700 అడిగితే "అదేంటి, ఫలానా ఆమె 350కే ఇస్తోంది" అంటారు. నా ఔదార్యం బిల్లు ఆవిడ కడుతుంది.

అందుకే ఊరికే ఇవ్వడంలో నాకు ఏ చిక్కూ కనిపించదు. మా తమ్ముడికి టోపీ ఇచ్చాను, వాడు ఢిల్లీలో ఉంటాడు, పాపం పెట్టుకుంటున్నాడు. దానికి రేటు లేదు కాబట్టి అది ఎవరి రేటునీ కిందికి లాగదు. పూర్తి ఖరీదుకి అమ్మడంలోనూ చిక్కు లేదు. నాకు అనుమానమంతా మధ్యలో ఉన్న ఆ ముద్దుముద్దు జాగా మీద, సగం బహుమతి సగం వ్యాపారం. 'ఏదో ఊలు ఖర్చులొస్తే చాలండి' అనే వినయం మీద.

ఇంకో సంగతి. ఊలు టోపీని యంత్రం అల్లగలదు. చేతి క్రోషేని అచ్చంగా అలాగే అల్లే యంత్రాలు ఫ్యాక్టరీల్లో లేవు. అలా కనిపించే లేసుని వేరే పద్ధతిలో అల్లే యంత్రాలున్నాయి, అంతే. మాల్లో హ్యాంగరుకి వేలాడే నిజమైన క్రోషే టాపు మీద 799 అని ఉంటే, అది మనిషి వేళ్లు ఒక్కో లూపూ వేసిన టాపు. ఎన్ని గంటలు పట్టిందో అల్లడం రాని మనకి తెలీదు, చూడగానే 'భలే చవక' అనిపిస్తుంది. ఒక్క టోపీ అల్లినవాళ్లకి అలా అనిపించదు. చెయ్యి తనంతట తనే గంటలు లెక్కేస్తుంది. కొత్తగా అల్లిక నేర్చుకోవడం వల్ల నాకు జరిగిన మేలు ఇదేనేమో, మనశ్శాంతి సంగతేమో గానీ షాపింగ్ శాంతి పోయింది.

ఈ వాదన అంతా ఫోన్లో పెద్దమ్మకి వినిపిస్తే ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "నువ్వు మానేస్తే వాళ్లకి రేటు పెరుగుద్దా?" అంది. పెరగదు. ఒక్క మనిషి ఇరవై టోపీలతో మార్కెట్టు కదలదు, తెలుసు. ఒక్క ఓటుతో ఎన్నిక తేలదని ఓటెయ్యడం మానం కదా అని అనబోయాను గానీ, ఆవిడ అడిగిన రెండో ప్రశ్న ఇంకా గట్టిది. "మరి మాకు ఆ డబ్బులే లేకపోతే?" పదో తరగతి పరీక్ష ఫీజు ఆవిడ లేసు డబ్బుల్లోంచే కట్టుకుంది. వాళ్ల నాన్న ఇచ్చేవాడు కాదు. ఆ తక్కువ కూలి అన్యాయమే, కానీ ఆ ఇంట్లో ఆవిడ చేతికొచ్చిన మొదటి డబ్బు కూడా అదే. న్యాయమైన రేటు వచ్చేదాకా ఎవరూ అల్లకూడదు అని పెట్టుంటే ఆవిడ తొమ్మిదితో ఆగిపోయేది.

దీనికి నా దగ్గర జవాబు ఉందని నటించను. ఒక తేడా మాత్రం కనిపిస్తుంది. తక్కువ రేటుకి ఒప్పుకోవడం పెద్దమ్మకి దారి. నాకు అది సరదా. ఇంకో దారి లేనివాళ్లు ఒప్పుకున్న రేటుని చూపించి వాళ్లని తప్పుపట్టడానికి మనసొప్పదు. అన్ని దారులూ ఉన్నవాళ్లు అదే రేటు ఒప్పుకుంటే, అదీ నవ్వుతూ ఒప్పుకుంటే, దాన్ని సరదాగానే వదిలెయ్యడానికి కూడా మనసొప్పదు. ఎవరు సరదాకి, ఎవరు అవసరానికి అన్నది బయటినుంచి ఎలా తెలుస్తుంది అంటారా, చాలాసార్లు తెలీదు. పెద్దమ్మ వాళ్ల నాన్నని అడిగితే, మా అమ్మాయి ఊరికే అల్లుతోంది అనే చెప్పుండేవాడు.

నా ఫ్రెండుకి మాత్రం లెక్క రాసి పంపాను. బ్లౌజు ఆవిడ రేటు 600, ఊలు 160, టోపీ ఒక్కింటికి 760. ఇరవై కాదు, నెలకి నాలుగు ఇవ్వగలను. ఆమె చాలాసేపటికి జవాబిచ్చింది. "పిచ్చా? ఎవరు కొంటారే?" నవ్వుతున్న బొమ్మలు మూడు. నిజమే, ఎవరూ కొనకపోవచ్చు. కొనకపోతే ఆ ధరకి ఆ టోపీ ఈ ఊరికి అక్కర్లేదని తేలుతుంది. అది తెలియడం కూడా మంచిదే అనుకున్నాను. ఇద్దరం ఇంకా ఫ్రెండ్సుగానే ఉన్నాం, ఆ విషయం ఎత్తం అంతే.

డిసెంబరులో ఆమె పేజీలో టోపీలు కనిపించాయి, ఒక్కోటి 899. ఎవరు అల్లారని అడిగితే, కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ ఆంటీ, 300కే ఇచ్చింది, చాలా సంతోషపడింది, ఆవిడకి టైంపాస్ అట అంది. ఒక టోపీ చేతిలోకి తీసుకుని చూశాను. ఎనిమిది గీతలూ ఒక్కలాగే వంగి మధ్యలో కలిశాయి. లోపలికి తిప్పి చూస్తే దారపు కొస ఎక్కడ దోపారో వెతుక్కోవాల్సొచ్చింది. నాకన్నా ఎంతో చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడకి నిజంగానే టైంపాసో, ఆ మాట వెనక ఇంకేమైనా ఉందో నాకు తెలీదు. నంబరు తీసుకున్నాను. నడినెత్తి అంత శుభ్రంగా ఎలా వస్తుందో అడగాలి. ఒక్కో టోపీకి ఎంతసేపు పడుతుందని కూడా.